లెవ్ లాండౌ

లెవ్ డేవిడోవిచ్ లాండౌ (జనవరి 22, 1908 - ఏప్రిల్ 1, 1968) సోవియట్ యూనియన్‌కు చెందిన సుప్రసిద్ధ సైద్ధాంతిక భౌతిక శాస్త్రవేత్త. ద్రవ హీలియంపై చేసిన కృషికి 1962లో నోబెల్ బహుమతి పొందాడు. అయితే ఇతని ఆలోచనలలో మిక్కిలి దూరం ప్రయాణించినది 1937 నాటి సౌష్ఠవ భంగ సిద్ధాంతమనే చెప్పాలి.

జీవితం

లాండౌ బాకు నగరంలో ఒక యూదు కుటుంబంలో జన్మించాడు. తండ్రి చమురు ఇంజనీరు, తల్లి వైద్యురాలు. 14వ ఏట బాకు విశ్వవిద్యాలయంలో చేరి, 1927లో లెనిన్‌గ్రాడ్‌లో పట్టభద్రుడయ్యాడు. కోపెన్‌హేగెన్‌లో నీల్స్ బోర్ వద్ద కొంతకాలం గడిపి, జీవితాంతం ఆయననే గురువుగా భావించాడు. 1932 నుండి ఖార్కోవ్‌లో పనిచేసి, 1937లో మాస్కో చేరాడు.

అవి స్టాలిన్ నిరంకుశత్వం పరాకాష్ఠకు చేరిన రోజులు. ఖార్కోవ్‌లో ఇతని సహచరుడు లెవ్ షుబ్నికోవ్‌ను 1937లో కాల్చి చంపారు. స్టాలిన్ పాలనను ఫాసిజంతో పోల్చిన కరపత్రంతో సంబంధముందని 1938 ఏప్రిల్‌లో లాండౌను నిర్బంధించారు. అప్పుడే హీలియంలో అతిప్రవాహ గుణాన్ని కనుగొన్న ప్యోతర్ కపిత్సా, దానిని వివరించగలవాడు లాండౌ ఒక్కడేనని పాలకులకు లేఖలు రాసి, స్వయంగా పూచీపడి, ఏడాది తరువాత విడిపించాడు. 1941లో లాండౌ ఆ వివరణను ప్రకటించాడు.

1962 జనవరి 7న కారు ప్రమాదంలో తీవ్రంగా గాయపడి వారాల తరబడి స్పృహ లేకుండా ఉన్నాడు. ప్రాణం దక్కినా మరల పరిశోధన చేయలేకపోయాడు.

సౌష్ఠవ భంగం

ఇనుమును సుమారు 770 డిగ్రీల సెల్సియస్‌కు మించి వేడిచేస్తే అందులోని సూక్ష్మ అయస్కాంతాలు అన్ని దిక్కులకూ చెదరిపోతాయి. ఏ దిక్కుకూ ప్రత్యేకత ఉండదు, ఇదే సౌష్ఠవం. చల్లారినప్పుడు అవి ఏదో ఒక దిక్కుకు బారులు తీరుతాయి. ప్రకృతి నియమాలు మారలేదు, సౌష్ఠవం మాత్రం భంగమైంది. ఈ బారు తీరడాన్ని కొలిచే రాశిని క్రమ పరామితి అంటారు. అధిక ఉష్ణోగ్రత వద్ద దాని విలువ సున్న. పదార్థపు లోపలి వివరాలన్నీ తెలియకపోయినా, సౌష్ఠవాన్ని బట్టి శక్తికి సమీకరణం రాయవచ్చునని లాండౌ చూపాడు. సంధి ఉష్ణోగ్రతకు మరీ సమీపంలో ఈ పద్ధతి సరిపోదు. ఆ లోటును 1971లో కెన్నెత్ విల్సన్ తీర్చాడు.

క్వార్కు పదార్థం

క్వార్కులను ప్రతిపాదించినది 1964లో, అనగా లాండౌ పరిశోధన ఆగిపోయిన తరువాత. అయినా ఆ రంగంలో నేటికీ వాడే భాష ఇతనిదే. అతి తేలికైన క్వార్కులలో ఎడమ, కుడి చేతివాటం కలవి దాదాపు వేర్వేరుగా ప్రవర్తించాలి. దీనిని కైరల్ సౌష్ఠవం అంటారు. సాధారణ పదార్థంలో ఇది భంగమై ఉంటుంది. ప్రోటాను బరువుగా ఉండటానికి దీనితో దగ్గరి సంబంధముంది. ఉష్ణోగ్రత సుమారు 1.8 లక్షల కోట్ల కెల్విన్లకు చేరితే సౌష్ఠవం తిరిగి నెలకొంటుంది. 1984లో రాబర్ట్ పిసార్‌స్కీ, ఫ్రాంక్ విల్‌చెక్ ఈ మార్పును లాండౌ మార్గంలోనే, విల్సన్ సవరణతో పరిశీలించారు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. క్వార్కులకు కొద్దిపాటి ద్రవ్యరాశి ఉండటం వలన, ఇనుము పక్కన మరో అయస్కాంతం పెట్టినట్లు, దిక్కు ముందే సూచింపబడుతుంది. అందువలన మార్పు ఒక్కసారిగా గాక క్రమక్రమంగా జరుగుతుందని 2006లో కంప్యూటరు గణనలు తేల్చాయి. సాంద్రత పెరిగితే ఈ మార్పు హఠాత్తుగా మారే సంధి బిందువు ఒకటి ఉండవచ్చునని ఊహ. దానికోసం అమెరికాలోని బ్రూక్‌హావెన్‌లో 2010 నుండి బంగారు కేంద్రకాలను వేర్వేరు శక్తుల వద్ద ఢీకొట్టించి వెదికారు. నిస్సందేహమైన రుజువు మాత్రం దొరకలేదు.