డోర్నకల్ బిషప్పు అజరయ్యగారు - తెలుగు పల్లెసంఘముల ఆరాధనజీవనము

వంగరాష్ట్రమందలి ఖరగ్‌పూరు రైలుపట్టణమున, న్యూ సెటిల్‌మెంటు ప్రాంతమున, తరతరములుగా తెలుగు వినబడుచున్నది. బెంగాల్ నాగపూర్ రైల్వే నాటినుండి అచటికి పనులకై వచ్చిన తెలుగు కుటుంబములు తమ పండుగలను, పాటలను, ప్రార్థనలను వెంట గొనివచ్చినవి. స్వస్థలమునకు దూరమైన సమాజము తన దైవారాధనమును ఏ భాషలో జరుపుకొనవలెను? ఏ రాగమున పాడవలెను? ఎవరి సరసన గూర్చుండవలెను? క్రైస్తవసంఘములలో ఈ ప్రశ్నలు ప్రతి యాదివారమును ఎదురగుచుండును. ఆంగ్లికన్ సంఘమునకు సంబంధించినంతవరకు, తెలుగుదేశమున వీనికి దీర్ఘకాలము శ్రమించి సమాధానము వెదకినవారు డోర్నకల్ బిషప్పు వేదనాయగం శామ్యూల్ అజరయ్యగారు. వారు జన్మచే తమిళులు. అన్యభాషాప్రాంతమునుండి వచ్చిన యొకరు తెలుగు పల్లెల యారాధనమునకు రూపు దిద్దిన విధము భాషావిద్యార్థులకు పరిశీలనార్హము.

అజరయ్యగారు 1874 ఆగస్టు 17వ తేదీన తిరునెల్వేలి ప్రాంతమందలి వెళ్ళాలన్‌విళై గ్రామమున జన్మించిరి. తండ్రి థామస్ వేదనాయగముగారు ఆంగ్లికన్ గురువు. మదరాసు క్రైస్తవ కళాశాలలో చదివియు అజరయ్యగారు పట్టము పొందలేదు. 1895 మొదలు 1909 వరకు వై.ఎం.సి.ఏ. కార్యదర్శిగా దక్షిణదేశమంతట సంచరించిరి. 1898లో అన్బు మరియమ్మాళ్‌గారిని వివాహమాడిరి. విదేశధనముపై ఆధారపడక భారతీయులే భారతీయులకు బోధింపవలెనను సంకల్పముతో 1903లో తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ నెలకొల్పబడుటకు వీరు ముఖ్యకారకులైరి. 1905 డిసెంబరు 25న వంగదేశమందలి శ్రీరాంపూరున నేషనల్ మిషనరీ సొసైటీ ఏర్పడినపుడును వీరు ప్రముఖపాత్ర వహించిరి.

తిరునెల్వేలి సంస్థ తన సేవకై ఎన్నుకొన్న క్షేత్రము నిజాము రాజ్యమందలి డోర్నకల్. అదియు రైలుమార్గమున వెలసిన యూరే. బెజవాడకు పోవు మార్గమునుండి సింగరేణి బొగ్గుగనులకు శాఖ అచట చీలుచుండెను. 1909లో గురుపట్టము పొందిన అజరయ్యగారు కార్యదర్శిపదవిని విడిచి ఈ చిన్న యూరికి వచ్చిరి. ముప్పదియైదేండ్ల ప్రాయమున తెలుగు నేర్చి, ఆ భాషలోనే బోధించుటకు పూనుకొనిరి. మరుసటి యేట ఎడింబరో నగరమున జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో ఐరోపా మిషనరీలకును వారి భారతీయ సహచరులకును నడుమ సమానుల స్నేహము కొరవడినదని నిర్మొగమాటముగా పలికిరి. సభలో కొందరు నొచ్చుకొనిరి.

మదరాసు బిషప్పు హెన్రీ వైట్‌హెడ్‌గారి ప్రోత్సాహమున 1912 డిసెంబరు 29న కలకత్తా సెంటుపాల్ కెథీడ్రలులో అజరయ్యగారికి బిషప్పుగా అభిషేకము జరిగెను. భారతీయుడు ఐరోపా గురువులపై అధికారము నెరపుట యెట్లని కొందరు ముందే అభ్యంతరము తెలిపియుండిరి. ఆంగ్లికన్ అధ్యక్షమండలమునకు భారతీయుడు అధిపతియగుట అదియే ప్రథమము. 1945 వరకు ఆ గౌరవము మరియొక భారతీయునకు దక్కలేదు. తొలుత చిన్నదైన డోర్నకల్ మండలము 1920లో కృష్ణాతీరపు సంఘములను కూడ కలుపుకొని విస్తరించెను.

ఈ మండలమున సంఘములనగా ముఖ్యముగా మాలమాదిగ పల్లెలు. పగలెల్ల పొలమున కూలిచేసినవారు కూడుకొనుటకు రాత్రివేళయే అనువైనది. చదువెరుగనివారు ప్రార్థనలను, విశ్వాసప్రమాణమును చెవితో విని కంఠస్థము చేయవలసియుండెను. ఆంగ్లికన్ ప్రార్థనపుస్తకపు క్రమమును అజరయ్యగారు త్రోసివేయలేదు. ఆ క్రమము పల్లెవారి నోట నిలువవలెనన్న పాట, తాళము, కథ తోడు కావలెనని గ్రహించిరి. దేశీయరాగములలోని తెలుగు కీర్తనలను, భజనను, కోలాటమును ప్రోత్సహించిరి. జాతరలకు అలవడిన జనులకు క్రైస్తవజాతరలు కల్పించిరి. బాప్తిస్మము పొందిన ప్రతివ్యక్తియు తన తలపై చేయి యుంచుకొని, సువార్తను ప్రకటించుట తన విధియని పలుకునట్లు నేర్పిరి. ఏటేట సాక్ష్యవారము పేర సంఘస్థులు జట్లుగా పొరుగూళ్లకు పాడుచు పోవు ఆచారమును నెలకొల్పిరి. అక్షరము రాని స్త్రీ కూడ ఆ దినములలో బోధకురాలే.

కోతపండుగ వీనిలో విశేషమైనది. ధాన్యము, కోళ్లు, మేకలు, కూరగాయలు మోసికొని కుటుంబములు గుడికి వచ్చెడివి. ఇండ్లలో స్త్రీలు వంటకు బియ్యము కొలుచునపుడు గుప్పెడు తీసి సంఘమునకై వేరుకుండలో వేయుట మరియొక యాచారము. దరిద్రులనుండి కానుక గొనుట న్యాయమా యను శంక కలుగవచ్చును. ఇచ్చుట నేర్చినవాడు యాచకుడుగా మిగులడని అజరయ్యగారి తలంపు. తరతరములుగా ఇతరుల పెట్టుబోతలకై చేయి చాచవలసి వచ్చిన జనమునకు, తమ గుడికి తామే దాతలమను భావము క్రొత్త గౌరవమును చేకూర్చెను. క్రైస్తవదానమును గూర్చి వీరు రచించిన చిన్నపుస్తకము అనేక భాషలలోనికి అనువదింపబడెను. మురికి, రోగము, అప్పు, త్రాగుడు అను నాలుగింటిని పల్లెలను పీడించు దయ్యములుగా పరిగణించి, వానిని వెడలగొట్టుటయు సంఘకార్యమేయని వీరు బోధించిరి.

అయినను కఠినపరీక్ష పాటయందు గాని కానుకయందు గాని లేదు; అది ప్రభుభోజనపు బల్లయొద్ద నుండెను. మాలలు, మాదిగలు ఒకే గిన్నెనుండి పానము చేయవలెను; ఒకే చాపపై కూర్చుండవలెను. మునుపే క్రైస్తవులైన మాలలు మాదిగల రాకకు అడ్డుపడిన సందర్భములు కలవు. ఈ విషయమున అజరయ్యగారు రాజీపడలేదు. కులభేదము పూర్తిగా తొలగెనని చెప్పుట సత్యదూరము. కాని భేదమును ఆచారమని సమర్థించు అవకాశమును బల్లయొద్ద ఆయన మిగుల్పలేదు.

ఈ పనికి చేతులు గ్రామోపాధ్యాయులు, పల్లెగురువులు. డోర్నకలులో వారికి శిక్షణ జరుగునపుడు వారి భార్యలకును శిక్షణ లభించెడిది. బాలికావిద్యయందును, మదర్స్ యూనియన్ ద్వారా స్త్రీలను సమకూర్చుటయందును మరియమ్మాళ్‌గారి కృషి చెప్పదగినది. 1935 నాటికి మండలమున సుమారు 250 మంది భారతీయ గురువులును, 2,000 మందికి మించి గ్రామోపాధ్యాయులు, వైద్యసేవకులు, సహకారసంఘ పర్యవేక్షకులును ఉండిరి.

1939 జనవరి 6న, ఎపిఫనీ పండుగనాడు, డోర్నకల్ కెథీడ్రల్ ప్రతిష్ఠింపబడెను. దేవాలయమండపములను బోలిన స్తంభములు, మసీదులను తలపించు గుమ్మటములు, మీనారులు అందు కలిసియున్నవి. నిజాము రాజ్యమందలి తెలుగు క్రైస్తవుడు ఏ పరిసరములలో జీవించెనో ఆ కట్టడమే తెలుపును.

ఆయన మార్గము నిర్వివాదము కాదు. హరిజనుల సామూహిక మతాంతరీకరణమును గాంధీమహాత్ముడు తీవ్రముగా ఆక్షేపించిరి. నిరుపేదకును తన విశ్వాసమును తానే నిర్ణయించుకొను వివేకము కలదని అజరయ్యగారు వాదించిరి. అదే సమయమున క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గములు కూడదని ఖండితముగా చెప్పిరి; సంఘము రాజకీయవర్గముగా మారుట వారికి సమ్మతము కాలేదు. ఈ రెండు అభిప్రాయములను కలిపి చూడనివారికి ఆయన అంతరంగము బోధపడదు.

1919 తరంగంబాడి సమావేశము మొదలు వీరు కృషిచేసిన సంఘైక్యము వీరి జీవితకాలమున సిద్ధింపలేదు. 1945 జనవరి 1న డోర్నకలులో కాలధర్మము నొందిరి. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘము మదరాసులో అవతరించెను. అజరయ్యగారి పాలనలో నుండిన నంద్యాల ప్రాంతపు ఆంగ్లికనులు మాత్రము అందు చేరక, 1975 వరకు వేరుగా నిలిచిరి. ఉత్తరభారతమున ఆంగ్లికనులు మరికొన్ని సంఘములతో గూడి 1970లో ఉత్తర ఇండియా సంఘముగా ఏర్పడిరి. అందుచే తెలుగుదేశపు ఆంగ్లికన్ పరంపరకు చెందిన కుటుంబము ఖరగ్‌పూరు చేరినచో, పరిపాలనరీత్యా వేరొక సంఘమున ప్రవేశించును. అచటి గురువు, బిషప్పు, సంఘనియమములు వేరు. వెంట తీసికొని పోగలిగినది కంఠస్థమైన కీర్తన, కోతపండుగ, గుప్పెడు బియ్యపు కుండ. సంఘచరిత్రలను వ్రాయువారు అధ్యక్షుల పట్టికలతోపాటు వీనిని కూడ సేకరింపవలెను. పుస్తకమున కెక్కని తెలుగు చాలవరకు అందే నిలిచియున్నది.