హరికథా పితామహులు నారాయణదాసుగారు

సంగీతమొక చోట, సాహిత్యమొక చోట, నృత్యము మరియొక చోట బ్రతుకుచుండిన కాలమున ఆ మూటిని ఒక్క దేహమందు నిలిపినవారు ఆదిభట్ల నారాయణదాసుగారు. పండితునకు సభయు, పామరునకు వీధిభాగవతమును అని పంచుకొన్న జనమును ఆయన ఒకే పందిటిక్రింద కూర్చుండబెట్టిరి.

బొబ్బిలి ప్రాంతమందలి అజ్జాడ గ్రామమున 1864 ఆగస్టు 31వ తేదీని జన్మించిరి. 1883లో విజయనగరమున, చెన్నపట్టణమునుండి వచ్చిన కుప్పుస్వామినాయుడుగారి హరికథ విని, ఆ యేడే ధ్రువచరిత్రము రచించి తామే చెప్పిరి. అయితే విన్నదానిని విన్నట్లు అనుకరించలేదు. కాళ్లకు గజ్జెలు, చేత చిరతలు, మెడలో పూలదండ. శుద్ధ కర్ణాటక రాగముల ప్రక్కనే యక్షగానపు దరువులు. పద్యము, వచనము, అభినయము. రచన వారిదే, వర్ణమెట్టు వారిదే, ఆట వారిదే.

రెండు చేతులు, రెండు పాదములు, శిరస్సు, ఈ యైదింటను ఐదు తాళములు వేసెడివారని నేటికిని చెప్పుకొందురు. ఇట్టి అద్భుతములనే తలచుకొని ఆయనలోని కవిని మరచుట అన్యాయము. రామకథను యథార్థరామాయణమను హరికథలుగా వ్రాసిరి. నవరసతరంగిణిలో షేక్స్పియరును, కాళిదాసును రసములవారీగా ప్రక్కప్రక్కన నిలిపిరి. పారశీకము నేర్చి ఉమర్ ఖయ్యాము రుబాయీలను సంస్కృతమునకు, అచ్చతెలుగునకు తెచ్చిరి. ఆ గ్రంథము 1932లో వెలువడెను. ఆ అచ్చతెలుగునకు సంస్కృతము వచ్చినవారే టీక అడుగవలసి వచ్చుట వేరు సంగతి!

1919లో విజయనగరాధీశులు సంగీత కళాశాల నెలకొల్పి దాసుగారిని ప్రథమాధ్యక్షులుగా నియమించిరి. విద్యార్థిగా చేరవచ్చిన ద్వారం వేంకటస్వామినాయుడుగారి ఫిడేలు విని, ఆయనను అధ్యాపకునిగానే తీసికొనిరని ప్రతీతి. 1936లో ఆ నాయుడుగారే దాసుగారి స్థానమున అధ్యక్షులైరి.

గాత్రమునకు, వీణకు, ఫిడేలునకు తరగతులు పెట్టవచ్చును. ఇన్ని విద్యలను ఒక్కరియందు కూర్చు తరగతిని ఏ కళాశాల పెట్టగలదు? వారి పిమ్మట హరికథ చెప్పినవారు పెక్కురు. గొంతు కలవారికి తరచు ఆ పాండిత్యము చాలలేదు. పాండిత్యము కలవారిలో గజ్జె కట్టువారు అరుదైరి. దాసుగారు 1945 జనవరి 2వ తేదీని దివంగతులైరి. విజయనగరపు కళాశాలలో పాఠములు నేటికిని సాగుచున్నవి.