పారిస్ గోడల మీద ఒలింప్ మాట

2024 జులైలో పారిస్ ఒలింపిక్స్ ప్రారంభోత్సవం టీవీలో వస్తుంటే మా ఇంట్లో అందరం అర్ధరాత్రి దాటేదాకా కూర్చున్నాం. నదిలో పడవలు, పడవల్లో ఆటగాళ్లు, పైనుంచి ఆగని వాన. మధ్యలో సీన్ నది పక్కన బంగారు రంగు విగ్రహాలు ఒక్కొక్కటీ పైకి లేచాయి. మొత్తం పది. పదీ ఫ్రాన్సు ఆడవాళ్లవే. వాళ్లలో ఒకావిడ పేరు ఒలింప్ ద గూజ్ అని వినగానే మా మనవరాలు, ఒలింపిక్స్ అన్న పేరు ఈవిడ వల్లే వచ్చిందా అమ్మమ్మా అని అడిగింది. నవ్వొచ్చింది. కాదే, అది వాళ్లమ్మ పేరు అని చెప్పాను. మిగతా కథ చెప్పబోయి, ఆ వేళప్పుడు పిల్లకు చెప్పే కథ కాదని ఊరుకున్నాను.

నేను హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరైనదాన్ని. ఫ్రెంచి విప్లవం పాఠం ఏటా చెప్పేదాన్ని. బాస్టిల్ కోట, 16వ లూయీ, రోబెస్పియర్, గిలెటిన్. స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాతృత్వం అని బోర్డు మీద పెద్దక్షరాలతో రాసేదాన్ని. మా రోజుల పుస్తకంలో ఆడవాళ్లంటే ఒక్క రాణి మేరీ ఆంటోనెట్టే. ఒలింప్ గురించి నాకు తెలిసింది రిటైరయ్యాకే. అందుకే ఇప్పుడు మీకైనా చెబుదామని.

ఆవిడ అసలు పేరు మారీ గూజ్. 1748 మే 7న ఫ్రాన్సు నైరుతి మూల మొంతొబాన్ అనే ఊళ్లో పుట్టింది. తల్లి ఆన్ ఒలింప్. కాగితాల మీద తండ్రి మాంసం కొట్టు నడుపుకునే పియర్ గూజ్. ఊళ్లో చెవులు కొరుక్కునేది మాత్రం వేరు. ఆ ప్రాంతంలో పేరున్న జమీందారు, కవి అయిన లెఫ్రాంక్ ద పొంపిన్యాన్ ఈ పిల్లకు అసలు తండ్రి అనేవారు. ఆవిడా జీవితాంతం అదే నమ్మింది. ఆ పెద్దమనిషి మాత్రం నలుగురిలో నా కూతురే అని ఒప్పుకున్నది లేదు. ఈ సంగతి గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

చదువు అంతంతమాత్రం. ఇంట్లో మాట్లాడేది ఆ ప్రాంతపు ఆక్సిటాన్ భాష. పారిస్ వాళ్ల ఫ్రెంచి తర్వాత నేర్చుకున్నదే. 1765లో, పదిహేడేళ్లకు, లూయీ ఓబ్రీ అనే అతనికిచ్చి పెళ్లి చేశారు. విందు భోజనాలు సరఫరా చేసే వ్యాపారం అతనిది. ఇష్టపడి చేసుకున్న పెళ్లి కాదు. ఏడాది తిరిగేసరికి కొడుకు పుట్టాడు, భర్త పోయాడు. పద్దెనిమిదేళ్లకు చంకలో బిడ్డ, నెత్తిన విధవరాలన్న పేరు.

మళ్లీ పెళ్లి చేసుకోలేదు. రవాణా వ్యాపారం చేసే ఒకాయన ఆవిడను ఇష్టపడ్డాడు, పారిస్‌లో నిలదొక్కుకోవడానికి డబ్బు సాయమూ చేశాడు. అయినా పెళ్లి మాటెత్తితే వద్దనేది. ఎందుకంటే అప్పటి చట్టం ప్రకారం మొగుడి అనుమతి లేకుండా పెళ్లాం ఒక్క పుస్తకం కూడా అచ్చు వేయించుకోకూడదు. విధవరాలికి ఆ బెడద లేదు. అప్పటికి మొగుడి ఇంటిపేరు కూడా పక్కన పెట్టేసి, తల్లి పేరులోని ఒలింప్‌ను తీసుకుని, ఒలింప్ ద గూజ్ అని తన పేరు తనే పెట్టుకుంది.

ఆ కాలపు పారిస్‌లో తెలివైన ఆడవాళ్లకు లోటేమీ లేదు. గొప్పింటి ఆడవాళ్లు ఇళ్లల్లో గోష్ఠులు నడిపేవారు. వాటిని సెలూన్లు అనేవారు (మన క్షౌరశాల కాదు సుమండీ!). పెద్ద పెద్ద రచయితలు, తత్వవేత్తలు అక్కడికి రావాలని తహతహలాడేవారు. కానీ ఆ తెలివి గుమ్మం దాటి బయటికొచ్చేటప్పుడు దాని మీద మగవాడి పేరుండేది. మదాం రోలాఁ సంగతే చూడండి. ఎంత చదువుకున్న మనిషి! భర్త మంత్రి అయితే ఆయన పేరు మీద వెళ్లే ఉత్తరాలు రాసింది ఈవిడ. ఇంట్లో రాజకీయ సమావేశం జరుగుతుంటే పక్కన కూర్చుని కుట్టుపని చేసుకుంటూ, మాట కలపకుండా అంతా వినేదట. చదువుతుంటే మా అత్తగారింటి వసారా గుర్తొచ్చింది నాకు.

ఒలింప్‌కు ఆ ఓపిక లేదు, ఆ హోదా అంతకన్నా లేదు. ఆవిడకు కలం పట్టి గబగబా రాయడం రాదు. గదిలో పచార్లు చేస్తూ చెబుతుంటే గుమాస్తా రాసుకునేవాడు. చదువురాని మనిషి రచయిత్రేమిటని నవ్వారు. తన లోటును దాచుకోకుండా ఆవిడే అచ్చులో చెప్పేసింది.

మొదట పట్టుకున్న విషయమే మంటలాంటిది. నల్లవాళ్ల బానిసత్వం మీద నాటకం రాసింది. కొమెదీ ఫ్రాన్సేజ్ అనే ప్రసిద్ధ నాటకశాల 1785లో తీసుకుని, మూలన పడేసింది. ఆ రోజుల్లో ఫ్రాన్సు ధనవంతుల చక్కెర, కాఫీ సంపద అంతా కరీబియన్ దీవుల్లోని బానిసల చెమటే. నాటకశాలలో ఖరీదైన సీట్లు కొనుక్కునే వాళ్లలో ఆ తోటల యజమానులూ ఉన్నారు. చివరికి 1789 డిసెంబరులో ఆడించారు. హాల్లో ఈలలు, గోల. మూడే మూడు ప్రదర్శనలతో ఆగిపోయింది. 1791లో సాన్ దొమాంగ్ దీవిలో, అంటే ఇప్పటి హైతీలో, బానిసలు తిరగబడితే, నీలాంటి వాళ్ల రాతలే వాళ్లను రెచ్చగొట్టాయని ఆవిడ మీద నింద వేశారు.

ఈలోగా విప్లవం వచ్చింది. 1789 అక్టోబరులో రొట్టె కోసం పారిస్ ఆడవాళ్లు వేలాదిగా వానలో వెర్సాయ్ దాకా నడిచి వెళ్లి రాజును రాజధానికి రప్పించారు. అదే ఏడు ఆగస్టులో ప్రకటించిన మనిషి హక్కుల్లో ఆ నడిచిన ఆడవాళ్లకు చోటుందా అంటే, మనిషి అన్న మాటకు అర్థం మగవాడనే తేలింది. 1791 రాజ్యాంగం కూడా ఆడవాళ్లకు ఓటివ్వలేదు. కొందోర్సే అనే గణిత శాస్త్రజ్ఞుడు 1790లోనే ఇది అన్యాయమని రాశాడు గానీ అలాంటి మగవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేటంతమందే.

1791 సెప్టెంబరులో ఒలింప్ చేసిన పని చూస్తే ఇప్పటికీ నాకు ముచ్చటేస్తుంది. మనిషి హక్కుల ప్రకటనలో 17 అంశాలున్నాయి కదా, ఆవిడా సరిగ్గా 17 అంశాలతో స్త్రీ హక్కుల ప్రకటన రాసింది. అదే వరస, అదే మూస. మగవాడున్న చోట ఆడదాన్ని కూడా కూర్చోబెట్టింది. పన్ను కట్టేటప్పుడు, కూలికి పిలిచేటప్పుడు ఆడది గుర్తొస్తుంది కాబట్టి పదవుల పంపకంలోనూ గుర్తు రావాలంది. పదో అంశం సారం ఏమిటంటే, నేరం చేస్తే ఆడదాని తల తీయడానికి చట్టానికి అడ్డం రాని ఆడతనం, సభలో లేచి మాట్లాడటానికి ఎందుకు అడ్డం రావాలని. పదకొండో అంశం మరీ సూటిగా ఉంటుంది. మాట్లాడే స్వేచ్ఛ అంటే తన బిడ్డకు తండ్రి ఎవరో తల్లి ధైర్యంగా చెప్పగలిగే స్వేచ్ఛ కూడా అంది. మొంతొబాన్ జమీందారు గుర్తున్నాడు కదా!

అయితే ఆవిడ ఈ ప్రకటనను అంకితమిచ్చింది ఎవరికనుకున్నారు? రాణిగారికి. విప్లవకారులు మండిపడ్డారు. నాకూ అది తెలివైన పనిగా తోచలేదు. ఆవిడ లెక్కలు అలాగే ఉండేవి. రాజును పూర్తిగా తీసేయాలనీ అనదు, అలాగని వెనకేసుకొచ్చి ఊరుకోదు. 1792 డిసెంబరులో లూయీని విచారణకు నిలబెడితే, అతని తరఫున నేను వాదిస్తానని ముందుకొచ్చింది. రాజుగా తప్పు చేశాడు, మనిషిగా చంపకండి అన్నది ఆవిడ వాదన. ఒప్పుకోలేదు సరికదా, జనం ఇంటి ముందు పోగై అల్లరి చేశారు. 1793 జనవరిలో రాజు తల తెగింది.

ఆవిడ అసలు ఆయుధం పోస్టరు. పత్రికలు వేసుకోకపోతే సొంత డబ్బుతో అచ్చు వేయించి పారిస్ గోడల మీద అంటింపించేది. ముసలివాళ్లకు ఆశ్రయాలు కట్టాలని, పనిలేని వాళ్లకు పని చూపాలని, పురుళ్లకు వేరే ఆసుపత్రులుండాలని రాసింది. రోబెస్పియర్‌ను, మారాను పేరుపెట్టి దులిపేసింది. కొన్నింటికి మారుపేరు పెట్టుకున్నా, రాసింది ఎవరో ఊరందరికీ తెలుసు.

ఆఖరి పోస్టరు పేరు మూడు పెట్టెలు. ఓట్ల పెట్టెలన్నమాట. ఒకే గణతంత్రమా, రాష్ట్రాల సమాఖ్యా, రాజరికమా, ఏది కావాలో జనమే ఓటేసి తేల్చుకోనివ్వండి అని. రాజరికం పేరెత్తితే మరణశిక్ష అని ఆ ఏడాది మార్చిలోనే చట్టం చేసి ఉన్నారు. పోస్టరు గోడకెక్కించే ప్రయత్నంలో ఉండగా 1793 జులై 20న పట్టుకున్నారు. జైల్లో ఉండి కూడా మరో రెండు పోస్టర్లు బయట అచ్చు వేయించింది! ఏమనాలి ఈ మనిషిని?

నవంబరు 2న విచారణ. లాయరును అడిగితే, నిన్ను నువ్వు కాపాడుకునే తెలివి నీకుందిలే అని ఇవ్వలేదు. అన్నేళ్లూ చదువురానిదని ఎగతాళి చేసిన ఊళ్లో ఆవిడ తెలివిని ఒప్పుకున్నది ఆ ఒక్కసారే. శిక్ష విన్నాక గర్భంతో ఉన్నానంది. గర్భిణిని చంపకూడదన్న నియమం ఉంది. పరీక్ష చేయించి కాదు పొమ్మన్నారు. మర్నాడు, నవంబరు 3న గిలెటిన్ ఎక్కించారు. అప్పటికి నలభై అయిదేళ్లు. పద్దెనిమిది రోజుల ముందే రాణిని, అయిదు రోజుల తర్వాత మదాం రోలాఁను అదే చోట చంపారు. అంకితం అందుకున్న రాణీ, మాట కలపని మదాం కూడా బతికి బట్టకట్టలేదు.

ఆడవాళ్ల సంఘాలను అక్టోబరు 30నే నిషేధించారు. ఒలింప్ చనిపోయాక, ఆడదాని హద్దులు మరిచినందుకు తగిన శాస్తి జరిగిందని ప్రభుత్వ పత్రిక రాసింది. షోమెత్ అనే పారిస్ నగర నాయకుడు ఆవిడ పేరెత్తి చూపి మిగతా ఆడవాళ్లను ఇంటికి పొమ్మని బెదిరించాడు.

చనిపోయే ముందు కొడుకు పియర్‌కు ఉత్తరం రాసింది. అతను సైన్యంలో ఉన్నాడు. కొద్ది రోజులకే ఆ కొడుకు, ఆవిడ అభిప్రాయాలతో నాకేమీ సంబంధం లేదని బహిరంగంగా ప్రకటన చేశాడు. ఇది చదివినప్పుడు పుస్తకం మూసేసి కాసేపు అలాగే కూర్చుండిపోయాను. తండ్రి కూతురని ఒప్పుకోలేదు, కొడుకు తల్లిని వద్దన్నాడు. తీరా ఆలోచిస్తే అతన్ని తిట్టడానికి నోరు రాలేదు. తల మీద అదే కత్తి వేలాడుతుంటే మన కొడుకులు ఏం చేస్తారో మనకు తెలుసా?

తర్వాత నూట యాభై ఏళ్లకు పైగా ఆవిడను పట్టించుకున్నవాళ్లు తక్కువ. పిచ్చిదన్నారు, తిరుగుబోతు అన్నారు. 1981లో ఒలివియే బ్లాఁ అనే చరిత్రకారుడు దస్తావేజులు తిరగేసి జీవితకథ రాశాకే నిజమైన మనిషి బయటపడింది. ఫ్రాన్సు ఆడవాళ్లకు ఓటు హక్కు 1944లో వచ్చింది, మొదటిసారి ఓటేసింది 1945 ఏప్రిల్ 29న. ఒలింప్ ఎక్కాలనుకున్న సభ ఉంది చూశారూ, ఆ ఫ్రెంచి పార్లమెంటు భవనంలో 2016లో ఆవిడ విగ్రహం పెట్టారు.

మా మనవరాలు ఇప్పుడు తొమ్మిదో తరగతి. మొన్న ఫ్రెంచి విప్లవం పాఠం మొదలెట్టారంది. పుస్తకం ఇటివ్వవే చూద్దామని అడిగి తీసుకుని, అన్నం కూడా తినకుండా పేజీలు తిప్పాను. ఉంది. పేరుంది, హక్కుల ప్రకటన సంగతీ ఉంది. కొడుకు మాట మాత్రం లేదు. అది నేనే చెప్పాను.