ఓటు లేని వాళ్ల ప్రతినిధి వెన్నెలకంటి రాఘవయ్య గారు

నల్లపాడు చుట్టుపక్కల మిరప కోతలు మొదలైతే మన వాళ్ల ఇళ్లకు పగలంతా తాళాలే. కొందరు కోతకు పోతారు, కొందరు కళ్లాల్లో తాలు కాయలు ఏరతారు, మరికొందరు పత్తి తీతకు. ఎన్నికలు వచ్చినప్పుడు మాత్రం నాయకులు ఆ కళ్లాల దగ్గరికే వస్తారు. ఆ తర్వాత మన పని ఉంటే మనమే వెతుక్కుంటూ వెళ్లాలి.

మన రాష్ట్రంలో 175 అసెంబ్లీ స్థానాలున్నాయి. వాటిలో ఎస్టీలకు కేటాయించినవి 7. ఆ ఏడూ ఏజెన్సీ ప్రాంతాలవే. గుంటూరు, ప్రకాశం మైదానాల్లో ఉండే యానాది, ఎరుకల, సుగాలీలకు ఒక్కటీ లేదు. అంటే మన తరఫున సభలో కూర్చునేది దాదాపు ఎప్పుడూ మనలో పుట్టని మనిషే. అలాంటి మనిషి మనతో ఎలా ఉండాలో తెలియాలంటే రాఘవయ్య గారి జీవితం చూడాలి. ఈ సంచికలో ఆయనను తలచుకోవడం అందుకే.

ఆయన 1897లో నెల్లూరు జిల్లాలో పుట్టారు. న్యాయశాస్త్రం చదివారు, స్వాతంత్ర్యోద్యమంలో పనిచేశారు. గిరిజనుడు కాదు. నెల్లూరు పల్లెల్లో యానాదులు ఎలా బతుకుతున్నారో చూసి వాళ్ల పని తలకెత్తుకున్నారు. అప్పట్లో యానాది అంటే రైతు పొలానికి కాపలా, గట్ల మీద ఎలుకలు పట్టడం, తీరని అప్పు, ఆ అప్పు కింద వెట్టి. వీటికి తోడు నేరస్థ జాతుల చట్టం. 1871లో పుట్టిన ఈ చట్టాన్ని 1911లో మద్రాసు రాజధానికీ వర్తింపజేశారు. దాని కింద పేరు ఎక్కితే చాలు, ఏ నేరమూ చేయకపోయినా పోలీసుల ముందు హాజరు వేయించుకోవాలి, చెప్పకుండా ఊరు దాటకూడదు. బాపట్ల దగ్గర స్టువర్టుపురం ఎరుకల వాళ్లకు ఇది తాతల నాటి కథ కాదు, ఇంటి కథ.

యానాదులను సంఘంగా కూడగట్టిన రాఘవయ్య గారు ఉమ్మడి మద్రాసు శాసనసభలో సభ్యులయ్యారు, కొంతకాలం పార్లమెంటరీ కార్యదర్శిగానూ ఉన్నారు. ఇక్కడ ఒక సంగతి ఆగి ఆలోచించాలి. 1935 చట్టం ప్రకారం ఓటు అందరికీ లేదు. పన్ను కట్టేవాళ్లకు, ఆస్తి ఉన్నవాళ్లకు, చదువుకున్నవాళ్లకు ఉండేది. గుడిసె తప్ప ఏమీ లేని యానాదికి ఓటు ఎక్కడిది? ఆయన ఎవరి కోసం తిరిగారో వాళ్లలో చాలామంది ఆయనకు ఓటు వేయగలిగినవాళ్లే కాదు. ఓట్ల లెక్క చూసుకునే మనిషైతే ఆ గుడిసెల వైపు పోనే పోడు.

నేరస్థ జాతుల చట్టం పోవాలని పట్టుబట్టిన వాళ్లలో ఆయన ముందువరుసలో ఉన్నారు. మద్రాసు రాష్ట్రంలో 1947లో, దేశమంతటా 1952 ఆగస్టు 31న ఆ చట్టం రద్దయింది.

పదవి అయిపోయాక పల్లెలు మానేయలేదు. భారతీయ ఆదిమజాతి సేవక్ సంఘంలో పనిచేశారు, ఒక్క యానాదులనే కాదు, సంచార జాతులను కూడా కలుసుకున్నారు. చూసిందీ విన్నదీ పుస్తకాలుగా రాశారు. 1962లో యానాదుల మీద, 1968లో సంచారుల మీద, 1971లో గిరిజన తిరుగుబాట్ల మీద. ఆ కాలపు సంస్కర్తల్లో చాలామందికి మనల్ని 'బాగుచేయాలి' అనే ధోరణి ఉండేది. దాన్ని మనం ఒప్పుకోనక్కర్లేదు. కానీ గుడిసె ముందు కూర్చుని వినకుండా యానాదుల మీద పుస్తకం రాయడం కుదరదు. 1973లో ఆయనకు పద్మభూషణ్ వచ్చింది. 1981లో కన్నుమూశారు.

ఇప్పుడు మనందరికీ ఓటు ఉందని అంటాం. నిజానికి ఆధార్ కార్డు, కుల ధృవీకరణ పత్రం చేతికి రాని యానాది కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. పని వెంట ఊళ్లు మారే వాళ్ల పేర్లు జాబితాలోంచి జారిపోతూనే ఉంటాయి. ఓటు లేని ఆ గుడిసె ముందు ఈసారి ఏ నాయకుడి బండి ఆగుతుందో మేమూ చూస్తున్నాం. ఈలోగా మీ పేటలో జాబితాకెక్కని వాళ్లు ఎవరైనా ఉంటే సంఘానికి చెప్పండి. కోతలు అయ్యేలోపు అందరం కలిసి ఆఫీసుకు వెళ్దాం.