వింత, విడ్డూరం, అపురూపం: బ్రౌన్ దొర కథ

పిల్లలూ! ఎన్నడూ చూడనిది వింత. విని ముక్కున వేలేసుకునేది విడ్డూరం. అరుదుగా దొరికేది, పదిలంగా దాచుకునేది అపురూపం. ఈ మూడు మాటలూ సరిపోయే మనిషి ఒకరున్నారు. ఆయనే చార్లెస్ ఫిలిప్ బ్రౌన్.

1798లో కలకత్తాలో పుట్టిన ఈ ఇంగ్లీషు దొర, 1817లో ఈస్టిండియా కంపెనీ కొలువు కోసం మద్రాసు చేరారు. అక్కడ తెలుగు నేర్చుకోవడం మొదలుపెట్టారు. దొర తెలుగు మాట్లాడటం అప్పట్లో వింతే!

కడపలో ఉద్యోగం చేస్తూ, పాడైపోతున్న తాళపత్రాలను వెదికించారు. సొంత జీతంతో పండితులను పెట్టి, వాటికి శుభ్రమైన ప్రతులు రాయించారు. మన పుస్తకాలకు పరాయివాడు డబ్బు పెట్టడం విడ్డూరం కాదూ?

పండితులు చిన్నచూపు చూసిన వేమన పద్యాలను 1829లో అచ్చు వేయించారు. 1852లో తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు తెచ్చారు. అందులో గ్రంథాల మాటల పక్కనే జనం నోటి మాటలకూ చోటిచ్చారు. ఆ పుస్తకం అపురూపం. నేటికీ అర్థాల కోసం దాన్ని తెరుస్తూనే ఉన్నారు.

1884లో బ్రౌన్ లండన్‌లో కన్నుమూశారు.

సెలవులకు ఊరెళితే, మన పిల్లలు తెలుగు మాట్లాడటం చూసి చుట్టాలు వింతగా చెప్పుకుంటారు. బ్రౌన్ నోట తెలుగు వింత కావచ్చు. మనింట్లో మాత్రం కాకూడదు.