నోబెల్ ఒకలికి, అణా ఒకలికి

మలేరియా అంటే చెడు గాలి అని అర్థం. నూటముప్పై ఏండ్ల కిందట శానమంది గా జరం గాలికే వస్తదనుకునేటోళ్లు. గాలి కాదు, దోమ అని గుట్టు విప్పింది మన సికింద్రాబాద్‌ల. విప్పినోడు రొనాల్డ్ రాస్.

రాస్ 1857ల అల్మోరాల పుట్టిండు. తండ్రి ఇంగ్లీషోళ్ల ఫౌజుల పెద్ద అధికారి. కొడుక్కేమో కవిత్వమంటే పాణం. అయినా తండ్రి మాట కాదనలేక డాక్టరు చదివి 1881ల సర్కారు నౌకరీల చేరిండు. అప్పటికే లావెరాన్ అనే ఫ్రెంచి డాక్టరు జరమొచ్చినోళ్ల నెత్తుట్ల పరాన్నజీవిని చూసిండు. గది ఒకలికెళ్లి ఇంకొకలికి ఎట్ల పోతదో మాత్రం తెల్వలే. దోమల ఎతుకుమని లండన్‌ల మాన్సన్ అనే డాక్టరు రాస్‌కు చెప్పిండు.

1895ల సికింద్రాబాద్ వచ్చి రెండేండ్లు దోమల పొట్టలు కోసి చూసిండు. బూడిదరంగు దోమల దొరకలే, చారల దోమల దొరకలే. 1897 ఆగస్టుల రెక్కల మీద మచ్చలున్న దోమలు దొరికినయ్. హుసేన్ ఖాన్ అనే రోగిని వాటితోని కుట్టిపిచ్చిండు, దోమకు అణా లెక్కన ఇచ్చిండు. ఆగస్టు 20న గా దోమ పొట్ట గోడల పరాన్నజీవి కనవడ్డది.

అంతల్నే బదిలీ అయింది. మరుసటేడు కలకత్తాల మహ్మద్ బక్ష్ అనే సహాయకునితోని పిట్టల మలేరియా మీద పడ్డడు. పిట్టల పరాన్నజీవి, మనిషి పరాన్నజీవి దగ్గరి సుట్టాలు. పిట్టల చూస్తే దారంతా తెలిసింది: దోమ పొట్టకెళ్లి లాలాజల గ్రంథికి, ఆడికెళ్లి కుట్టినప్పుడు నెత్తుట్లకు. 1902ల నోబెల్ వచ్చింది. ఇటలీ శాస్త్రవేత్త గ్రాసీతోని పేరు కోసం పంచాది మాత్రం ఒడవలే. 1932ల రాస్ పోయిండు.

రాస్ మైక్రోస్కోపుతోని పోల్చి చూసిండు, ఇయ్యాల జీనోములతోని పోలుస్తున్నరు. జీనోమ్ అంటే జీవి బతుకు రాసున్న చిట్టా. మలేరియాల ఫాల్సిపారం రకం చిట్టా 2002ల, వైవాక్స్ చిట్టా 2008ల బయటికొచ్చినయ్. ఫాల్సిపారంల వార్ జీన్లు దాదాపు 60 ఉన్నయ్, వైవాక్స్‌ల అవి లేవు. వాటి వల్లనే సోకిన ఎర్రకణాలు రక్తనాళాలకు అతుక్కుంటయ్. మెదడుల అతుక్కుంటే పాణం మీదికొస్తది. వైవాక్స్ తీరు వేరు, కాలేయంల దాసుకొని నెలల తర్వాత మళ్ల లేస్తది.

అందుకే తమ్మీ, జరమొస్తే రక్తపరీక్ష చేపిచ్చుకోవాలె, ఏ మలేరియానో ఎరుక కావాలె. వైవాక్స్‌కు డాక్టరు 14 రోజుల మందు రాస్తే, నాలుగొద్దులకే జరం తగ్గిందని ఆపొద్దు. కాలేయంల పండుకున్నది అట్లనే ఉంటది.

బేగంపేటల రాస్ పేరు మీద సంస్థ ఉన్నది. మంచిదే. కని హుసేన్ ఖాన్ పేరు ఎందరికి ఎరుక? పరాన్నజీవి దొరికింది రాస్ కంటికే, ఉన్నది మాత్రం గాయన నెత్తుట్ల. ఆగస్టు 20న దోమల దినం చేసుకునేటప్పుడు గాయన పేరు సుత తల్సుకోవాలె.