ఆకు సారానికి కొలత – డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావుగారు

పొట్ట చేతబట్టుకొని పుట్టిన ఊరు విడిచిన వారి సంగతి మనకు ఒకరు చెప్పనక్కరలేదు. అట్లా సముద్రాలు దాటి వెళ్లి, మళ్లీ సొంత గడప తొక్కకుండానే కన్నుమూసిన మహనీయులు డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావుగారు. ఈ ఉగాదినాడు వారిని తలచుకోవడం మనకు ఉచితం.

వారు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. మెట్రిక్యులేషన్ మూడో పర్యాయానికి గాని గట్టెక్కలేదు. మద్రాసు వైద్య కళాశాలలో చదువుతూ, గాంధీగారి పిలుపు విని శస్త్రచికిత్స తరగతికి ఖద్దరు కోటుతో వెళ్లారు. దొరగారైన ఆచార్యునికి అది కిట్టలేదు. చివరకు ఎం.బి.బి.ఎస్. బదులు తక్కువ స్థాయి ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది.

ఆ యౌవన దినాల్లోనే ఇద్దరు సోదరులు కొద్ది రోజుల తేడాలో స్ప్రూ అనే గ్రహణి జబ్బుతో పోయారు. ఆ జబ్బులో తిన్నది కడుపులో పడుతుంది గాని, పేగులు దాని సారాన్ని పీల్చుకోవు. నెత్తురు పలచబడి మనిషి శుష్కించిపోతాడు. ఈ దెబ్బ వారి మనసులో ముల్లయి నిలిచింది.

తరువాత మద్రాసు ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం బోధించారు. మూలికలు గుణమిస్తున్న మాట నిజమే. కాని మింగిన మందులో నెత్తురులోకి చేరింది ఎంత? కాలేయంలో నిలిచింది ఎంత? ఈ లెక్క కట్టాలంటే ముందు కొలిచే విద్య కావాలి. ఆ విద్య కోసం 1923లో అమెరికా వెళ్లారు. మామగారి సాయానికి తోడు కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మనిధి ఆదుకొంది. ఆ నాయకర్‌గారూ మనవంటి వలస జీవే. రంగూనులో గడించిన సొమ్ము అది.

బోస్టనులో రాత్రిపూట ఆసుపత్రిలో రోగుల మలమూత్ర పాత్రలు కడిగి, పగలు హార్వర్డులో చదివారు. 1925లో ఫిస్కే పండితునితో కలిసి నెత్తురులోని భాస్వరాన్ని కొలిచే పద్ధతి ప్రకటించారు. మాలిబ్డేటు కలిపి, మరొక రసాయనంతో నీలిరంగు పుట్టించి, ఆ రంగు చిక్కదనాన్నిబట్టి భాస్వరం ఎంత ఉందో చెప్పేయడమే అందులోని కీలకం. ఆ కొలతతోనే కండరాలకు బలమిచ్చే ఫాస్ఫోక్రియేటిన్ 1927లో బయటపడింది.

1940లో లెడర్లీ ప్రయోగశాలలో చేరారు. 1941లో టెక్సాసు శాస్త్రజ్ఞులు నాలుగు టన్నుల పాలకూరనుంచి ఒక విటమిన్ సారం తీసి, ఆకు అనే అర్థంలో ఫోలిక్ ఆమ్లం అని పేరు పెట్టారు. 1945లో సుబ్బారావుగారి నాయకత్వాన దానిని ప్రయోగశాలలోనే తయారు చేశారు. స్ప్రూ రోగుల పాలిపోయిన నెత్తురు ఆ మందుతో తిరిగి ఎర్రబడింది. తోబుట్టువులకు అందని ఔషధం లోకానికి అందింది. 1947లో బోదకాలు వ్యాధికి హెట్రజాన్ వచ్చింది. మన కోస్తాలోనూ ఒరిస్సాలోనూ ఎందరో ఆ మందు మింగినవారే.

1948 ఆగస్టులో, యాభైమూడో ఏట, నిద్రలోనే కన్నుమూశారు. భార్య శేషగిరిగారికి భర్త దర్శనం మళ్లీ కాలేదు. వారు కళ్లారా చూడని కుమారుడు పసితనంలోనే గతించాడు. ఈ ఖరీదు కూడా ఆ మందుల వెనుక ఉంది.

వారిని వేధించిన ప్రశ్న నేటికీ సజీవమే. 1998లో బెంగుళూరు సెయింట్ జాన్స్ వైద్య కళాశాలవారు పసుపులోని కర్‌క్యుమిన్‌ను విడిగానూ, మిరియాలలోని పైపరిన్‌తో కలిపీ ఇచ్చి నెత్తురు పరీక్షించారు. విడిగా ఇస్తే నెత్తురులో దాదాపు కానరానిది, మిరియపు సారం తోడైతే ఎన్నో రెట్లు చేరింది. మన వంటింటి పోపులపెట్టెలోనూ ఇంత శాస్త్రం దాగి ఉంది.

ఉగాది పచ్చడిలో వేపపువ్వు నోట వేసుకునే మన పిల్లలకు ఈ కథ చెప్పండి. మూడోసారికి పరీక్ష గట్టెక్కిన కుర్రవాడు ఎంత దూరం పోగలడో వారికీ తెలియాలి.